విరజాజికి సీరం పోసి, ఫిలింనగర్ దాకా

ఫిలింనగర్ వైపు మొక్కలు కొనడానికి వెళ్లాలనుకునేవాళ్లకు ఈ రాత కాస్త పనికొస్తుంది. నేను మాత్రం షికారుకు వెళ్లలేదు. చేతులారా ఒక విరజాజి మొక్కను చంపుకుని, దాని తల్లి మొక్క నుంచి ఇంకో అంటు దొరుకుతుందేమోనని వెళ్లాను. అది మా పద్మ మొక్క. కృష్ణానగర్‌లో ఇద్దరం రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. తను సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్. నేను ఊరి చివర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో జంతు కణాలు పెంచే ఉద్యోగిని. ఒక పాట షూటింగ్‌కు నర్సరీవాళ్లు అద్దెకు తెచ్చిన విరజాజి కుండీ నుంచి పద్మ ఒక అంటు అడిగి తెచ్చుకుని మా బాల్కనీలో పెట్టింది. ఆ తర్వాత తన మోకాలు దెబ్బతింది. ఊరంతా కంప్యూటర్ కోర్సులంటూ అమీర్‌పేటకు పరుగులు తీస్తున్న రోజులవి. నేనేదో పెద్ద తెలివైనదాన్నన్నట్టు, "ఇంకెన్నాళ్లే ఈ గంతులు? పోయి కంప్యూటర్ నేర్చుకో" అనేశాను. మూడో రోజు పద్మ సొంతూరు తణుకు బస్సెక్కింది. ఎక్కుతూ, "మొక్కను చూసుకో" అంది, అంతే.

ఏడాది తర్వాత పద్మ మా ఇంటి ఓనరమ్మ ఫోన్‌కు ఎస్టీడీ బూత్ నుంచి కాల్ చేసింది. "వచ్చే నెల ఓసారి వద్దామనుకుంటున్నానే. నా విరజాజి పూసిందా?" అని అడిగింది. ఆ గొంతు వినగానే నాకు ఏమైందో ఏమో, "మొగ్గలు తొడిగింది, నువ్వొచ్చేసరికి విచ్చుకుంటాయి" అని కోతలు కోసేశాను. మొగ్గ కాదు కదా, కొత్త చిగురు కూడా లేదు. తిరిగి ఫోన్ చేసి నిజం చెబుదామంటే తన నంబర్ నా దగ్గర లేదు. అప్పుడు తట్టింది దిక్కుమాలిన ఆలోచన. ల్యాబ్‌లో కణాలు పెరగడానికి లేగదూడ రక్తం నుంచి తీసిన సీరం వాడతాం. కణాలను పెరగమని పురిగొల్పే పదార్థాలుంటాయి అందులో. తేదీ దాటిన సీసా ఒకటి పారేయబోతుంటే బ్యాగులో వేసుకొచ్చి, రోజూ కొంచెం చొప్పున వారం రోజులు కుండీలో పోశాను. జంతు కణం తలుపుకున్న తాళం మొక్క కణానికి ఉండదని, ఆ తాళంచెవి ఇక్కడ తిరగదని నాకు తెలియదా? తెలుసు. అయినా పోశాను. నాలుగో రోజుకు మట్టి మీద తెల్లటి బూజు, చీమలు, ముక్కు బద్దలయ్యే కంపు. ఓనరమ్మ కేకలేస్తే కుండీని డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక దాచాను. తర్వాతి వారానికి ఆకులన్నీ నల్లబడి రాలిపోయాయి.

ఆ శనివారం పొద్దున్న ఎనిమిదింటికి కుండీని ప్లాస్టిక్ సంచిలో కట్టుకుని ఆటో ఎక్కాను. కృష్ణానగర్ నుంచి ఫిలింనగర్‌కు ముప్పై ఐదు అడిగి ముప్పైకి ఒప్పుకున్నాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటకముందే డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "ఏందమ్మా గా సంచిల? ఎలుక గిట్ల సచ్చిందా?" "మొక్కన్నా." "మొక్క గిట్ల కంపు గొడ్తదా? జర సంచి బయటికి పట్టుకో తల్లీ, నా నాష్తా బయటికొస్తది" అన్నాడు. సగం దారి సంచిని ఆటో బయటే వేలాడదీసి పట్టుకున్నాను. ఇరవై నిమిషాల్లో దించాడు.

ఆ పాట షూటింగ్‌కు విరజాజి అద్దెకిచ్చిన నర్సరీ యాదయ్యది. అమ్మకం కన్నా అద్దె బేరమే ఎక్కువ. షూటింగ్‌లకు కుండీలు రోజు కిరాయికి ఇస్తాడు. బేరం చేయాలంటే తొమ్మిదిలోపు వెళ్లండి, తర్వాత మంచి మొక్కలన్నీ బండెక్కి సెట్లకు వెళ్లిపోతాయి. యాదయ్య సంచి విప్పి, వేరు గిల్లి, వాసన చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఏం పోసినవమ్మా?"

చెప్పాను.

"నెత్తురా! నేను గూడ చేపల వ్యర్థం వేస్త, కాదన. గానీ నాలుగు నెలలు గుంతల మాగినంక వేస్త. నువ్వు పచ్చిది పోసినవ్. వేరు మొత్తం కుళ్లింది. దీన్ల ఏం లేదు."

"తల్లి మొక్క నుంచి ఇంకో అంటు ఇవ్వండి."

"గది షూటింగ్‌కు పోయింది. జూబ్లీహిల్స్‌ల బంగ్లా. మా ఎల్లమ్మ కుండీల కాడ కావలుంది, గామెనడుగు."

అక్కడికి నడక పావుగంటే, కానీ అంతా ఎత్తు ఎక్కాలి. నీళ్ల సీసా తప్పకుండా పెట్టుకోండి, ఆ వీధుల్లో గేట్లూ వాచ్‌మన్లే తప్ప కిరాణా కొట్టు కనిపించదు. బంగ్లా ముందు జనరేటర్ వ్యాన్, టీ డబ్బాలు, గొడుగులు. యాదయ్య పేరు చెబితే వాచ్‌మన్ లోపలికి వదిలాడు. విరజాజి తీగ వరండా స్తంభానికి పాకించి ఉంది. ఒకతను సన్న ఇనుప తీగతో గుడ్డపూలు దానికి కడుతున్నాడు. షాట్‌కు పూలు కావాలట, మొక్క పూయలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "కావాలంటే మీకూ ఓ గుత్తి కట్టిస్తానండీ, రెండడుగుల దూరం నుంచి దేవుడు కూడా పోల్చలేడు" అన్నాడు. ఒక్క క్షణం ఆశపడ్డాను, అబద్ధమెందుకు? పద్మ పదేళ్లు ఈ సెట్ల మీదే తిరిగిన మనిషి. వద్దన్నాను.

ఎల్లమ్మ కుండీల మధ్య కూర్చుని టీ తాగుతోంది. పద్మ ఫ్రెండ్‌నని చెప్పగానే గ్లాసు కింద పెట్టేసింది. "పద్మ దోస్తువా? మొన్న బుధవారం వచ్చింది గదమ్మా గామె!"

నాకు అర్థం కాలేదు. "ఎక్కడికి?"

"మా నర్సరికే. ముందుగాల మీ గల్లీకి పోయిందంట. కింద నిలవడి పైకి చూస్తే బాల్కనీల కుండ లేదంట. 'మొక్కను గూడ పారేసిందక్కా, ఇంగ పైకెక్కి ఏం అడగాలె' అన్నది. గీ చెట్టు కాడ జర సేపు కూసొని, సాయంత్రం బస్సుకు పోయింది."

బుధవారం నేను ల్యాబ్‌లో ఉన్నాను. కుండీ నీళ్ల ట్యాంకు వెనక కుళ్లుతోంది. "ఫోన్ నంబరేమైనా ఇచ్చిందా?" అంటే, "నేనేం అడగలేదమ్మా, నీ కాడుంటదనుకున్న" అంది. అంతమంది లైట్ బాయ్‌ల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఎల్లమ్మ వేళ్లు పట్టిన ఒక కొమ్మను కోసి, తడి గోనెలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఇరవై రూపాయలిస్తే తీసుకోలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు బస్సులో ఇంటికొచ్చాను.

ఆ అంటు ఇప్పుడు బాల్కనీ అంచున ఉంది. ఆరు ఆకులు, పువ్వు మాట ఇప్పట్లో లేదు. పద్మకు కావలసింది పూలని నేనెందుకనుకున్నానో? కుండీ అక్కడుంటే చాలు, మెట్లెక్కి వచ్చేది. అందులో ఎండిన పుల్ల ఉన్నా వచ్చేది. అంటు తెచ్చుకునేవాళ్లకు ఒక్క సలహా: నీళ్లు, ఎండ, బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు, అంతకు మించి ఏ సీసాలోదీ పోయకండి. ఇక పద్మ మళ్లీ ఫోన్ చేస్తే, "మొక్క చచ్చిపోయింది, నేనే చంపాను, నువ్వు రా" అని చెప్పేస్తాను. కింద ఓనరమ్మ ఫోన్ మోగితే చాలు, చేతిలో పని వదిలేసి మెట్లు దిగుతున్నాను. ఇంతవరకు వచ్చినవన్నీ ఆవిడకే.