"ఇంకెక్కడ?" అనే డాక్టరు సాబు

నిజాం జమానాలో నేను ఎల్లారెడ్డి తాలూకా దవాఖానలో కాంపౌండరును. పన్ను వసూలులో నాకు తహసీల్దారు కంటే పెద్ద పేరు. ఆయన నోటీసుతో రాబట్టేవారు, నేను పటకారుతో. మా డాక్టరు సాబుకు మాత్రం ఒక అలవాటు. నోరు నొప్పి అని వచ్చినవాళ్లను కూడా "ఇంకెక్కడ?" అని అడగందే వదిలేవారు కాదు.

ఒకనాడు లింగంపేట నుంచి ఒక అవ్వ పంటి చిగురు వాచి వచ్చింది. నేను పటకారు తీశాను. ఆయన నా చెయ్యి పట్టి ఆపారు.

"ఇంకెక్కడన్న గడ్డ ఉన్నదా అవ్వా?"

అవ్వ నా వంక చూసి కొంగు బిగించుకుంది. డాక్టరు సైగ చేస్తే బయటికి నడిచాను. తలుపు అవతలి నుంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"రొమ్ముల ఉన్నది బిడ్డా, రెండేండ్ల సంది. ఎవలడిగిన్రు?"

పరీక్షించి చూశాక ఆయన గొంతు వినబడింది. క్యాన్సరును అప్పట్లో రాచపుండు అనేవారు. "గా రాచపుండే చిగురుకు పాకింది. పన్ను పీకితే నెత్తురు ఆగది."

"రాచపుండా? బీడీలు చుట్టేదానికి రాజుల రోగమేంది!" అవ్వ నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది, "బతుకుతనా?"

"గది నాతోని కాదవ్వా. నొప్పి మాత్రం తగ్గిస్త."

"గంతే చాలు బిడ్డా. కన్ను మూతపడక నెలాయె."

నల్లమందు చుక్కలు తాగి అవ్వ ఆయన బల్ల మీదే నిద్రపోయింది. ఆ పూట మిగిలిన రోగులందరినీ డాక్టరు సాబు వరండాలో నిలబడి, గుసగుసగా మాట్లాడుతూ చూశారు.