శేషం ఒకటి

నేతగాళ్ల వాడ జోడ్‌భావి పేట్‌లో నర్సప్ప ఒక్కడే ఉంటాడు. తను పనిచేసిన, ఇప్పుడు మూతపడ్డ బట్టల మిల్లు పాసు ఇంకా చొక్కా జేబులోనే ఉంటుంది. దాని నంబరు 30031. తువ్వాళ్లు నేసేటప్పుడు పోగులను చారలకు సమంగా పంచడం అలవాటైన మనిషి, రోజూ చాయ్ తాగాక సుద్దముక్కతో తలుపు మీద ఆ సంఖ్యను పంచుతాడు. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు. దేనితో పంచినా ఒకటి మిగులుతుంది. పదమూడు చారలు దాటిన తువ్వాలు ఆయన ఎన్నడూ నెయ్యలేదు కనుక అక్కడితో ఆగి, మిగిలిన ఒకటిని వేలితో తడుముతాడు. "నా అసుంటిదే. ఎవ్వలతోటి కలువది" అంటాడు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ.

నిన్న పక్కింటి కోడలు కోమల్ గడపలో బీడీలు చుడుతూ ఆ మాట విన్నది. పెళ్లికి ముందు బీఎస్సీ చదివిన మనిషి. "కాకా, యాభై తొమ్మిదితోని పంచి చూడు. ఐదొందల తొమ్మిదొస్తది, ఏం మిగలదు" అన్నది. నర్సప్ప రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ సున్నాయే వచ్చింది. ఆ సున్నాను వేలితో తడిమి, "మంచిదే బిడ్డా. దానికైన జోడున్నది" అన్నాడు. ఇవాళ చాయ్ తాగాక సుద్దముక్క తీశాడు. ఏం రాయాలో తోచక మళ్లీ గూట్లో పెట్టేశాడు.