మస్కట్ బోయిన పెన్‌డ్రైవ్

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్న. మా ఆయన మస్కట్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చిన నెలల్నే నాకు లాప్‌టాప్‌ల విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాలన్న పిచ్చి లేసింది. ఏం చెయ్యాలె మరి? పాత లాప్‌టాప్. విండోస్ తెరుచుకునేలోపు మా అత్తమ్మ ఓ కట్ట బీడీలు చుట్టి పక్కకు వెడుతుండె.

కోరుట్లల మా వాడ ఆడోళ్లందరం బీడీలు చుట్టేటోళ్లమే. నేనూ పన్నెండేండ్లు చుట్టిన, నడుము పోయింది. ఫోన్‌ల వీడియోలు చూసుకుంట చీరె బార్డర్లు కంప్యూటర్ల గీసుడు నేర్చుకున్న. సిరిసిల్లల మగ్గాలున్న ఆసామి ఒకాయన నా బార్డర్ సగం చూసి, "మంచిగుంది. శుక్రారం పొద్దుగాల వరకు పూర్తి చేసి పంపు, మగ్గమెక్కిస్త. దాటితే వేరేటోళ్లకు ఇస్త" అన్నడు. గదే నా మొదటి పని. గది పోతే మళ్ల చాట, తునికాకు, తంబాకే.

లినక్స్ ఎక్కిస్తుంటే మా ఆయన పక్కన కూసోని నవ్విండు. "మంచిగున్నదాన్ని ఖరాబ్ చేస్తవ్" అన్నడు.

"నువ్వు చాయ్ తాగు, నా పనిల ఏలు వెట్టకు" అన్న.

అప్పుడు లాప్‌టాప్‌కు రెండు పెన్‌డ్రైవ్‌లు వెట్టి ఉన్నయి. ఒకటి లినక్స్‌ది, ఇంకోటి మా ఆయనది. మా దిక్కు గల్ఫ్ పోయేటోళ్ల పెట్టెల సకినాలు, మామిడికాయ తొక్కు ఉన్నట్టే ఇప్పుడు వీడియోల పెన్‌డ్రైవ్ గూడ ఉంటది. బిడ్డ బతుకమ్మ ఆడింది, అత్తమ్మ ముచ్చట్లు, పక్కింటోళ్లు మస్కట్‌ల ఉన్న కొడుక్కు పంపే పెండ్లి వీడియో, అన్నీ దాంట్లనే. లినక్స్ ఎక్కేటప్పుడు ఒక మాట అడుగుతది. లాప్‌టాప్ ఆన్ చెయ్యంగనే దానికి దారి చూపే చిన్న ప్రోగ్రాం ఒకటుంటది, గ్రబ్ అంటరు. దాన్ని ఏ డిస్కుల వెట్టాలె అని అడుగుతది. మూడు పేర్లున్నయి, ఒక్క అక్షరమే తేడా. చదివే ఓపిక నాకేడిది, ఒకటి నొక్కిన.

నాలుగు రోజులు మస్తు నడిసింది. నేను గల్ల ఎగిరేసుకొని తిరిగిన. రోజుకో వీడియో ఎక్కిచ్చుకుంట మా ఆయన పెన్‌డ్రైవ్‌ను తీసిందే లేదు.

గురువారం పొద్దుగాల మా ఆయన పెన్‌డ్రైవ్ గుంజి పెట్టెల వేసుకొని హైదరాబాద్ బస్సెక్కిండు. సాయంత్రం విమానం. గది తప్పితే నౌకరి పోయినట్టే, సెలవు ఇదివరకే ఒకసారి పెంచుకున్నడు. కండ్లు తుడుసుకొని వచ్చి లాప్‌టాప్ ఆన్ చేసిన. నల్ల తెర. బూట్ చేసే డిస్క్ ఏదీ లేదని తెల్లక్షరాలు. బంద్ చేసి మళ్ల ఆన్ చేసిన, మళ్ల గదే. అత్తమ్మ వచ్చి దాని మూతకు కొండగట్టు సింధూరం వెట్టింది. నేను వద్దనలే.

ఉన్నోళ్లను లేనోళ్లను తిట్టుకున్నంక అసలు సంగతి ఎరుకైంది. నేను గ్రబ్‌ను మా ఆయన పెన్‌డ్రైవ్‌ల వెట్టిన. పెన్‌డ్రైవ్ పెట్టెల ఉన్నది, పెట్టె బస్సుల ఉన్నది, బస్సు జగిత్యాల ఎప్పుడో దాటింది.

అప్పుడే ఆయన ఫోన్. "కరీంనగర్ల బస్సు ఆగింది. అంత మంచిగనేనా?"

సంగతి నోటిదాకా వచ్చింది. "ఆ, మంచిగనే. లాప్‌టాప్ ముందట కూసున్న" అన్న. గది అబద్ధం గూడ కాదు.

ఇంట్ల మిగిలిన లినక్స్ పెన్‌డ్రైవ్‌తోని లాప్‌టాప్‌ను లేపిన. లోపల నా బార్డర్ కనవడంగనే సగం పానం వచ్చింది. కానీ గీసే సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌ల ఎక్కిచ్చిన లినక్స్‌లనే ఉన్నది, పెన్‌డ్రైవ్‌ల లేదు, బార్డర్ల నెమలి ఇంక సగమే అయింది. ఫోన్‌ల వీడియో వెట్టుకొని గ్రబ్‌ను మళ్ల ఎక్కిచ్చుడు మొదలువెట్టిన. ఒకసారి ఎర్రర్. ఇంకోసారి ఎర్రర్. మూడోసారి డిస్కుల పేర్లు ఏలు వెట్టి, సదువు రానోళ్ల లెక్క కూడబలుక్కుంట చదివి, లాప్‌టాప్ డిస్క్‌ది కొట్టిన. పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేసిన. తెరుచుకున్నది. దీపం వెట్టే యాళ్లకు నెమలి పూర్తయింది, ఫైల్ ఆసామికి పంపిన. "మగ్గమెక్కిస్తున్న" అని ఆసామి మెసేజ్ వెట్టిండు.

వారమైనంక మస్కట్ నుంచి ఆయన వీడియో కాల్ చేస్తే జరిగిందంత చెప్పిన. పడి పడి నవ్వుతడనుకున్న. నవ్వలే.

"కరీంనగర్లనే చెప్పకపోతివి. దిగి వాపస్ వస్తుంటి కద" అన్నడు.

"అందుకే చెప్పలే" అన్న.