తంబాకు చాట, ధనియాల కషాయం

ఆ రోజు మా అవ్వ, అంటే మా అమ్మ, చాయ్ వద్దంది. ఏదో తేడా చేసిందని నాకు తెలిసింది అప్పుడే.

నిజామాబాద్‌లో మా వాడ ఆడవాళ్లు ఒక అరుగు మీద చేరి బీడీలు చేసేవారు. ఒక్కొక్కరి ఒడిలో ఒక చాట, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు. పని మొదలుపెడితే చాయ్, ఆకు అయిపోతే చాయ్, నడుము పట్టేస్తే చాయ్. అన్నం వేళకు ఎవరికీ ఆకలి ఉండేది కాదు. మెడనొప్పి గోళీ కూడా అవ్వ చాయ్‌తోనే మింగేది. బాపు పోయాక ఆ చాట మీదే నన్ను చదివించింది. నాకు బోధన్‌లో టీచర్ ఉద్యోగం వచ్చినా ఆమె అరుగు దిగలేదు.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం సెలవుల్లో అవ్వ దగ్గరికి వెళ్లాను. పక్కింటి గంగమణి చాయ్ గ్లాసు అందిస్తే అవ్వ చేత్తో పక్కకు జరిపింది.

"వద్దే. కడుపుల మండుతుంది."

దగ్గరికి వెళ్లి చూస్తే పెదవులు పాలిపోయి ఉన్నాయి. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది: "కొన్నొద్దుల సంది దొడ్డికి నల్లగ పోతుంది బిడ్డా. ఆకుకూర తిన్న గదా, గందుకేమో అనుకున్న."

ఆస్పత్రిలో హిమోగ్లోబిన్ చూసి వెంటనే రక్తం ఎక్కించారు. ఆ తర్వాత ఎండోస్కోపీ చేశారు. డాక్టర్ తక్కువ మాట్లాడే మనిషి. "డ్యుయోడినల్ అల్సర్ అమ్మా, పేగుల పుండు. బ్లీడింగ్ అయింది. టాబ్లెట్లు తప్పకుండా వేసుకోవాలె. పెయిన్ కిల్లర్ బంద్. చాయ్ బంద్."

"ఒక్క పూట తాగొచ్చా సారూ?"

"మళ్లీ రక్తం పోతే ఆపరేషన్ దాకా పోతది. అప్పుడు నా చేతుల ఉండదు."

ఇంటికొచ్చాక నేను బతిమాలాను. బీడీలు మానేసి నాతో బోధన్ రమ్మన్నాను. అరుగు మీద చాయ్ లేకుండా కూర్చోవడం ఆమె వల్ల కాదనుకున్నాను.

"చాయ్ ఇడుస్త. చాట ఇడువ. ఆడికొచ్చి నేనేం చెయ్యాలె, గోడలు సూసుకుంట కూసోవాల్నా?"

అన్నట్టే చాయ్ మానేసింది. మొదట్లో తలనొప్పి వచ్చింది. చేయి నెమ్మదించింది. అందరూ గ్లాసులు పట్టుకున్నప్పుడు ఆమె చేతులు ఏం చేయాలో తెలియక చాట అంచు తడుముతూ ఉండేవి. అప్పుడే, చిన్నప్పుడు ధర్పల్లి పుట్టింట్లో జ్వరమొస్తే వాళ్లమ్మ కాచి ఇచ్చిన ధనియాల నీళ్లు ఆమెకు గుర్తుకొచ్చాయి. డాక్టర్‌ను అడిగాను. "తాగనియ్యండి. చాయ్‌ల ఉన్నట్టు అందులో కెఫీన్ ఉండదు. మందులకు బదులు మాత్రం కాదు" అన్నాడు.

అవ్వ చేసే తీరు ఇది. ధనియాలను సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి, మాడకూడదు. అందులో కొంచెం సోంపు, చిటికెడు జీలకర్ర వేసి బరకగా దంచాలి. మరిగే నీళ్లలో ఒక చెంచా వేసి, దించి, మూతపెట్టి కాసేపు వదలాలి. వడకట్టాకే బెల్లం వేయాలి. వాళ్లమ్మ బెల్లం వేసేది కాదట. మా బోధన్ వైపు చెరకు గానుగల దగ్గర కొన్న బెల్లం నేను తెచ్చిపెట్టడంతో అవ్వ దాన్ని చేర్చింది.

గంగమణికి నవ్వులాట అయింది. "ఏందక్కా, బాలింత లెక్క కషాయం తాగవడితివి?"

"అవునే. నేనే మల్ల పుట్టిన గదా."

తలనొప్పి పోయింది. నిద్ర పట్టసాగింది. చాలా ఏళ్ల తర్వాత అవ్వ ఆకలి అనడం విన్నాను.

అంతా కుదిరిందనుకుంటుండగా, కొత్తగా దంచిన పొడితో కషాయం తాగిన పొద్దున ఆమెకు వాంతులయ్యాయి. ఒళ్లంతా చెమటలు, కళ్లు తిరగడం. మళ్లీ రక్తం పోతోందేమోనని ఆస్పత్రికి పరుగెత్తాం. "చాయ్ తాగినన్ని దినాలు ఒక్క వాంతన్న అయిందా? అంతా గా కషాయంతోనే" అని గంగమణి దారిపొడుగునా అంటూనే ఉంది.

బ్లీడింగ్ లేదని తేలింది. డాక్టర్ పొడి డబ్బా తెప్పించి, మూత తీసి వాసన చూశాడు.

"అమ్మా, దీంట్ల తంబాకు ఉన్నది."

"తంబాకా? నాకేం వాసన వస్తలేదు సారూ."

డబ్బా నాకిచ్చాడు. ధనియాల వాసన కింద తంబాకు ఘాటు తెలిసింది. అవ్వ మళ్లీ మళ్లీ వాసన చూసింది. గంగమణి చూసింది. ఇద్దరికీ ధనియాలే. సంగతేమిటంటే, ఆ సారి ధనియాలు ఎక్కువ కావడంతో అవ్వ వాటిని తన బీడీల చాటలోనే ఎండబెట్టింది. చాట దులిపింది కానీ, వెదురు అల్లికలో దాగిన తంబాకు నుసి పోలేదు.

సిగ్గుపడుతుందనుకున్నాను. నవ్వింది. "ముప్పై ఏండ్లు ముక్కు తంబాకుకే ఇచ్చిన సారూ. ధనియాలకు మిగల్లే."

ఆ డాక్టర్ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ పొడి పారబోసి ధనియాలకని కొత్త చాట కొంది. పొరపాటు పడకుండా దానికి పసుపు పూసింది. అరుగు మీద వాళ్లందరి ముక్కులూ ఒకటే కాబట్టి, దంచిన పొడిని కిరాణా సేటు దగ్గరికి తీసుకెళ్లేది. "నా దుకాణంలనే కొని నాకే వాసన సూపిస్తవా అవ్వా?" అంటూనే అతను చూసి పంపేవాడు.

మళ్లీ ఎండోస్కోపీ చేసినప్పుడు అల్సర్ మానిందన్నారు. పుండును మాన్పింది మందులే. కషాయం ఆమె చేతికి ఒక గ్లాసునిచ్చింది, అరుగు మీద ఆమె చోటును నిలబెట్టింది. ఆ తర్వాత ఆమె మళ్లీ చాయ్ ముట్టలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. ఒకనాడు గంగమణే గ్లాసు చాపింది.

"జరంత నాకు గుడ పొయ్యక్కా. నిద్ర వడ్తలేదు."

"ఎందుకే, బాలింతవైతివా?"

చూపు తగ్గాక అవ్వ తనంతట తానే చాట దించి బోధన్ వచ్చింది. కొన్ని నెలలకు పెట్టె తెరిచి పాత చీర తీసి మొహం తిప్పుకుంది.

"ఏం కంపే ఇది?"

"తంబాకు అవ్వా."

చీరను మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. "గింత కంపుల ఉన్ననా నేను? గీ కంపులనే నిన్ను సదివిచ్చిన." తర్వాత కషాయం డబ్బా తెమ్మంది. మూత తీసి వాసన చూసి, "ఇగ సేటు అక్కర్లే" అంది.

అవ్వ పోయి ఏడాది దాటింది. తీసుకెళ్లింది గుండె జబ్బు. అల్సర్ చివరిదాకా తిరిగి రాలేదు. పసుపు పూసిన చాట నా దగ్గరే ఉంది, పొడి నేనే చేస్తున్నాను.

చదివేవారికి ఒకటే చెబుతాను. మీ ఇంట్లో ఏ కషాయం కాచినా డాక్టర్ దగ్గర దాచకండి, దాన్ని ముందుగా మీ ఇంటివాళ్లు కాని ఒకరికి వాసన చూపించండి. పొడి దంచిన రోజు నేను ఇప్పటికీ పక్కింటికి పంపుతాను. నా ముక్కు బాగానే పనిచేస్తుంది. అయినా పంపుతాను.