పిడికిట్లో ఎర్రవైరు

మా మావయ్య పోయాడు. చీపురుపల్లిలో రోడ్డు పక్కనున్న తన ఏసీ షెడ్డులో, బానెట్ తెరిచిన కారు మీదికి వంగినవాడు వంగినట్టే కూలిపోయాడు. నేను పక్క కారు కింద ఉన్నాను. లేచి వచ్చేసరికే అయిపోయింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ "అదృష్టవంతుడు, పని చేసుకుంటూ పోయాడు" అన్నారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం అదృష్టమండీ? చేజేతులా పోయాడు. ఈ నాలుగు ముక్కలూ ఆ మంటతోనే రాస్తున్నాను.

మా అమ్మకు తమ్ముడు. నాకీ పని నేర్పింది తనే. కారు ఏసీ చల్లబడకపోతే మా వైపు అందరిదీ ఒకటే మాట, "గ్యాస్ ఎక్కించెయ్యండి" అని. మావయ్యకు అది వింటేనే తిక్క. "మందు నువ్వే రాసుకొచ్చావు, మరి నా కాడికెందుకొచ్చావు?" అని డ్రైవరును లోపల కూర్చోబెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఏసీ స్విచ్ వేయించి తను బానెట్ దగ్గర నిలబడేవాడు. కరెంటు అందితే కంప్రెసర్ ముందున్న ఇనప పళ్ళెం టక్కుమని అతుక్కుని తిరుగుతుంది. టక్కుమనలేదంటే కంప్రెసర్ పోయిందని అందరూ కొత్తది వేయించేస్తారు. మావయ్య కరెంటు వస్తోందో లేదో చూసే టెస్టు లాంపు తీసేవాడు. "పిలుపెల్లిందో లేదో సూడకుండా రాలేదని తిట్టీకు" అనేవాడు నాతో. కంప్రెసర్ దాకా కరెంటే వెళ్ళకపోతే ఇంక ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్, ఒక్కొక్కటే వెనక్కి వెతుక్కుంటూ పోవడమే.

ఆ ప్రెషర్ స్విచ్ గురించి చెప్పాలి. లోపల గ్యాస్ తగ్గిపోతే అది కరెంటు ఆపేస్తుంది. గ్యాస్‌తో పాటు తిరిగే నూనె కూడా అందక కంప్రెసర్ బిగుసుకుపోకుండా కాపాడేది అదే. కొందరు మహానుభావులు ఆ స్విచ్ ఊడదీసి, వైరుముక్కతో రెండు కొనలూ కలిపేసి పంపించేస్తారు. టక్కుమంటుంది, తిరుగుతుంది, కొన్నాళ్ళకు మొత్తం పోతుంది. పరీక్ష కోసం మావయ్యా వైరు పెట్టేవాడు. జానెడు ఎర్రవైరు, ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది. కానీ పెట్టిన చెయ్యి తీసేవాడు కాదు. "వైరెట్టినోడు వైరొదలకూడదు. ఒదిలేసి టీకెల్లావా, మర్సిపోతావు, అది సస్తాది." ఫోను మోగినా సరే, ముందు వైరు పీకాకే జేబు తడుముకునేవాడు.

ఈ వేసవిలోనే, పెళ్ళిళ్ళ హడావుడిలో, పెళ్ళికొడుకును తీసుకెళ్ళే కారొకటి వచ్చింది. ఎవరో అలాగే వైరు కలిపేసి పెట్టారు. మావయ్య పీకి రోడ్డు మీదికి విసిరేశాడు. "నీరసంగా ఉన్నానని అది మొరెట్టుకుంటంటే నోరు కట్టెత్తారా? మీరు మనుసులేనేటి?"

"పెళ్ళయ్యేదాకా అలా ఉండనీ మావా. తర్వాత సూద్దుం" అన్నాడు డ్రైవరు.

"పెళ్ళి మీది, సావు దానిదీనా? నా షెడ్డులో అవ్వదు. ఎల్లు!"

క్యారేజీ తెచ్చిన మా అత్త అక్కడే నిలబడి ఉంది. మావయ్య అప్పటికి కొన్నాళ్ళుగా ఎడమ భుజం పిసుక్కుంటున్నాడు. షట్టరెత్తినా ఆయాసపడుతున్నాడు. అత్త క్యారేజీ బల్ల మీద ఠపీమని పెట్టింది.

"దాని మొర ఇనపడతాది గానీ నీ ఒంటి మొర ఇనపడదేటి నీకు? పద, ఇజీనారం ఎల్లి సూపించుకుందుం."

"ఎండకి అలాగే ఉంటాదే. పెళ్ళిళ్ళ సీజను అయిపోనీ, ఎల్దుం."

చూశారా? ఆ డ్రైవరు అన్నమాటే. కారు బదులు ఒళ్ళు, అంతే తేడా. మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్ళ తెచ్చుకుని వేసుకోవడం, మళ్ళీ బానెట్ ఎత్తడం. నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఇదే మనిషి షెడ్డు మూసి, నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. "పనుంది మావా" అన్నందుకు దారి పొడుగునా తిట్టాడు. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పే బుద్ధి తన దగ్గరికొచ్చేసరికి ఏమైందో నాకర్థం కాదు. ఇప్పటికీ షెడ్డులో స్పానరు కిందపడితే తననే తిడుతున్నాను.

ఆఖరున చూస్తున్న కారు శ్రీముఖలింగం నుంచి వచ్చిన సంగీతం మాస్టారిది. పరీక్షకు వైరు పెట్టి చూస్తున్నాడు. పడిపోతూ కూడా వైరు వదల్లేదు, చేత్తోపాటే ఊడి వచ్చేసింది. కంప్రెసర్ ఆగిపోయింది, దానికేమీ కాలేదు. దాన్ని కాపాడాడు మహానుభావుడు! స్నానం చేయించేటప్పుడు పిడికిలి విప్పితే ఎర్రవైరు. ఎవరో పారేయబోతే అత్త లాక్కుంది.

తెరిచి ఉన్న ఆ బానెట్ చూడలేక మర్నాడే నేను ఆ పని ముగించాను. పైపు జాయింటు దగ్గర, గ్యాస్ కారినచోట పడే నూనె మరక కనిపించింది. రబ్బరు రింగు మార్చి, గ్యాస్ ఎక్కించాను. ఇంటి ముందు పెట్టిన ఆ కారు కోసం మాస్టారు వచ్చిన పూట అత్త వంటింటి గుమ్మం పట్టుకుని తూలిపోతోంది. బీపీ మాత్రలు మానేసిందట, మావయ్య పోయిన దగ్గర్నుంచీ. మాట కూడా ముద్దగా వస్తోంది.

"ఆసుపత్రికి పద అత్తా" అన్నాను.

"పెద్దకర్మ అయిపోనీరా. మైల్లో గడప దాటకూడదు."

చుట్టాలు కూడా అదే పాట. పెద్దకర్మ కాకుండా ఆడమనిషి బయటికెళ్తే ఊరేమంటుందట. నాకు ఎక్కడలేని కోపం వచ్చేసింది.

"అయిపోనీ, అయిపోనీ! మావ పెళ్ళిళ్ళు అయిపోనీ అన్నాడు, నువ్వు కర్మ అయిపోనీ అంతన్నావు! ఏటి, ఈ ఇంట్లో అందరికీ నేనే కొరివెట్టాలా? లెగు!"

మాస్టారు అప్పుడే నేనిచ్చిన కారు తాళం నా చేతిలో పెట్టి, తను వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నారు. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా గడప దాటింది.

ఏసీ వేశాను. టక్కుమంది.

"అతుక్కున్నాది" అంది అత్త, ముందు సీట్లో కళ్ళు మూసుకునే. విజయనగరం ఆసుపత్రి దాకా ఎక్కడా ఆపలేదు.

ఆ పూట కాకుండా ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పింది. ఇక్కడ రాయను. ఇప్పుడు అత్త వేళకు మాత్రలు వేసుకుంటోంది, నేను ఎదురుగా నిలబడితే. మావయ్య మీద కోపం మాత్రం నాకు తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

ఆ రోజు ఆసుపత్రిలో నర్సు బీపీ పట్టీ చుట్టి, "పిడికిలి వదులు చెయ్యండమ్మా" అంది. అత్త చెయ్యలేదు. మళ్ళీ అడిగితే వేళ్ళు కొంచెం విప్పింది. చెమటకు తడిసిన ఎర్రవైరు.

"ఇది ఒదల్ను" అంది నా వంక చూసి.

"ఒదలకు" అన్నాను.