దొంగ ఊపిరి

ఏ మాట అనబోయినా ముందు రెండు వేళ్ళతో గొంతు తాకి చూసుకుంటాడు. ఇంట్లో ఉప్పు అడగాలన్నా అంతే. గొంతు ఉందని రూఢి అయ్యాకే ఉప్పు.

పగలు కళ్ళజోళ్ళ దుకాణం. సాయంత్రం బృందగానంలో వెనక వరస. అక్కడ అతన్ని గంభీరం అంటారు. వెక్కిరింతగా పుట్టిన పేరు. అతను బిరుదుగా పుచ్చుకున్నాడు.

బృందంలో అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని విద్య ఒకటుంది. స్వరం పొడుగ్గా పట్టాల్సి వస్తే, పక్కవాళ్ళ గొంతు చాటున, చప్పుడు కాకుండా ఊపిరి లాక్కోవడం. వినేవాళ్ళకి పాట ఎక్కడా తెగదు. గంభీరం అందులో ఆరితేరినవాడు.

ఆ వేసవి కళోత్సవానికి కొత్త స్వరకర్త వచ్చాడు. అతని రచనలో మాటల్లేవు, రాగమూ లేదు. నియమం ఒక్కటే. అందరూ నిలబడి ఒకే స్వరం పట్టాలి. ఎవరి ఊపిరి అయిపోతే వాళ్ళు కూర్చోవాలి. ఆఖరి మనిషి కూర్చుంటే పాట ముగిసినట్టు.

"ఇది మరణం గురించండీ," అన్నాడు స్వరకర్త.

ఎవరూ వినలేదు. బృందం నడిపే మేడం అన్న మాటే చెవుల్లో ఉంది. "దమ్ము లేనివాళ్ళని వచ్చే ఏడు తీసేస్తాను. ముందు ఎవరు కూర్చుంటారో చూస్తాగా!"

గంభీరానికి దమ్ము పోయి చాలాకాలమైంది. నాలుగు మెట్లెక్కితే రొప్పుతాడు. ఆ వెనక వరస కూడా పోతే ఇక ఉత్త కళ్ళజోళ్ళవాడే.

ప్రదర్శన పాత గోదాములో. రేకుల కప్పు కింద జనం ఉడికిపోతున్నారు. స్వరం లేచింది. గంభీరం పక్కన అతని కోడలు, బృందానికి కొత్త. ఊపిరి అయిపోగానే కూర్చుంది. నియమం అదేగా అనుకుంది పాపం.

ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు.

కళ్ళు మూసుకుని తన్మయంగా ఉన్న స్వరకర్త కళ్ళు తెరిచాడు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడే ఉన్నారు. జనం మొదట మైమరిచారు. తర్వాత కాగితాలతో విసురుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే నడుం వంచి తలుపు వైపు జారుకున్నారు. చివరికి స్వరకర్తే నేలమీద చతికిలబడ్డాడు. అదే ముగింపనుకుని మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"మరణాన్నే ధిక్కరించారు!" అని ముందు వరసలో ఒక పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నాడు.

మేడం కోడలి భుజం తట్టింది. "నీకింకా దమ్ము చాలదమ్మా. వచ్చే ఏడు టికెట్ల దగ్గర కూర్చుందువుగాని."

ఇంటిదారిలో కోడలు అంది. "మావయ్యా, మీరు మధ్యలో ఊపిరి తీసుకున్నారు."

"నేనా?"

"తీసుకోకపోతే ఈపాటికి మిమ్మల్ని నలుగురం మోసుకెళ్తుండేవాళ్ళం."

"అందరూ తీసుకున్నారమ్మా."

"అందరి సంగతి నాకెందుకు? నా చోటు పోయింది. రేపు మేడంతో ఉన్నమాట చెప్తారా, చెప్పరా?"

"చెప్తాలే," అన్నాడు.

మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే మేడం ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తలుపు తీయగానే, వచ్చే ఏడు వెనక వరసలో తన చోటు ఖాయమేనా అని అడిగాడు. ఖాయమే అంది. తిరిగొచ్చి, కోడల్ని ఎదురుగా నిలబెట్టి, దమ్ము పెంచుకోవడం ఎలాగో నేర్పడం మొదలుపెట్టాడు.