లాప్‌టాప్‌కు దిష్టి తీసిన రోజు

ఆ రోజుల్లో ఇంటి నుంచి పని చేయడమంటే పని లేకుండా ఇంట్లో ఉండడమేనని బళ్లారి దగ్గరి సండూరులో మా వీధి వీధంతా నమ్మేది. (చంటిదానికి ఊపిరి ఆడుతోందా లేదా అని మాటిమాటికీ ఉయ్యాల్లోకి తొంగిచూస్తూ రాస్తున్నాను, వాక్యం ఎక్కడైనా తెగితే మన్నించాలి.) అప్పటికి నాకు పెళ్లి కాలేదు, ఇన్ని భయాలూ లేవు. బెంగళూరు కంపెనీలో మొదటి ఉద్యోగం. ఆఫీసు మాత్రం మా వంటింటి పక్క గది. బయట ఇనుప ఖనిజం లారీలు పోతుంటే ఆ దుమ్ముకు నా కీబోర్డు ఎర్రబడేది. గ్యాసు బండ వస్తే తలుపు నేనే తీయాలి, పక్కింటి పిల్లకు ఎక్కాలు నేనే చెప్పాలి, వడియాల మీద కాకిని నేనే తోలాలి. "ఇంట్లోనే ఉండావు కదా పాపా" అనేది అమ్మ. ఉండాను, కానీ మీటింగులో ఉండాను.

నేను కోరింది కొంచెమే. నెలలో రెండు వారాలు ఆఫీసు, రెండు వారాలు ఇల్లు. అదే కంపెనీలో చేస్తూ బెంగళూరు హాస్టల్లో ఉన్న నా స్నేహితురాలేమో ఇంటి భోజనం కోసం పూర్తిగా ఇల్లే కావాలనేది. ఎవరికి ఏది మంచిదో తేల్చడానికి కంపెనీలో ఉద్యోగుల క్షేమం చూసే అధికారి ఒకావిడ ఉండేది. మేమంతా క్షేమం మేడం అనేవాళ్లం. ఎవరి ఇల్లు పనికి అనుకూలంగా లేదో ఆవిడ కెమెరాలో చూసి ఆఫీసుకు పిలిపించేది. అందుకని నెలకోసారి అందరి ముందూ జరిగే ఆ మీటింగుకు ముందురోజే నేను తల దువ్వుకోవడం మానేసి, నల్లటి తెర ముందు కూర్చుని, నిట్టూర్పులతో సహా సాధన చేశాను: "నాకిక్కడ ప్రశాంతత లేదు మేడం."

అదంతా గుమ్మంలోంచి మా అవ్వ (నాన్నను కన్న తల్లి) చూసింది. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగితే, ఎవరూ లేరవ్వా, రేపటికి అన్నాను. ఆమెకు అంతా అర్థమైపోయింది. "దినామూ అంతమంది మొగాలు పెట్టుకోని చూస్తాంటే దిష్టి తగలక ఏమైతాది?" అంటూ వంటింట్లోకి పోయింది.

మరునాడు నా వంతు రాగానే ముఖం వేలాడేసి మొదలుపెట్టాను. సగంలో అవ్వ ఒక చేత్తో నిప్పుల చట్టి, ఇంకో చేత ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని వచ్చి, నా తల చుట్టూ తిప్పి, ఆపకుండా లాప్‌టాప్ చుట్టూ కూడా తిప్పింది. సరిగ్గా అప్పుడే నెట్టు ఆగి మా మేనేజరు ముఖం కళ్లు విప్పార్చుకుని బిగుసుకుపోయింది. "రెప్ప కొట్టకుండా చూస్తాండావేందప్పా? నీ దిష్టే ఎక్కువుండాది" అంది అవ్వ. మిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టని మా వైపు నమ్మకం. గదిలో ఎవరికీ ఘాటు రాలేదు. ఇంతలో నెట్టు వచ్చింది, బెంగళూరులో మేనేజరు దగ్గాడు.

"దొరికినాడు" అంది అవ్వ.

 క్షేమం మేడం కెమెరా దగ్గరికి జరిగి, "అజ్జీ, నన్గూ తెగీరి" అంది. (అవ్వా, నాకూ తీయండి అని కన్నడంలో. ఊరందరి క్షేమం చూసే ఆవిడకు తనది చూసేవాళ్లు లేరు కాబోలు.) ఆ తర్వాత మిగతావాళ్లు వరసకట్టారు. అవ్వ ఎడమ నుంచి కుడికి ఒక్కో ముఖానికీ తిప్పుకుంటూ పోయింది, మేనేజరుకు రెండుసార్లు.

నా అర్జీ మీద మేడం అక్కడికక్కడే తీర్పు చెప్పింది. ఇంతగా చూసుకునే మనిషి ఉన్న ఇల్లు వదిలి ఆఫీసెందుకు, నువ్వక్కడే ఉండు. నా నిట్టూర్పులన్నీ వృథా. స్నేహితురాలు మాత్రం సండూరులో మా ఇంటి నుంచి పని చేస్తానని దరఖాస్తు పెట్టింది. అవ్వ ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ నెలనెలా తల దువ్వుకుని అడిగేది, "మన మీటింగు ఎప్పుడు పాపా?"

ఇప్పుడు సండూరు దగ్గరి దోణిమలైలో నా సంసారం. నేనప్పుడు కోరుకున్నదే కంపెనీ మొన్న తనంతట తానే ఇచ్చింది: నెలకు రెండు వారాలు ఆఫీసుకు రావాలట. క్షేమం మేడం ముందు ఈసారి చక్కగా జడ వేసుకుని కూర్చున్నాను. ఒళ్లో చంటిది గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇక్కడ ఎంతో ప్రశాంతంగా ఉంది మేడం అన్నాను. ఆవిడ నా వెనక గుమ్మం వైపు వెతికి చూసి, దిష్టి ఇప్పుడు ఎవరు తీస్తున్నారని అడిగింది. నేను బల్ల కింద దాచుకున్న పిడికిలి పైకెత్తి చూపించాను. వేళ్ల సందుల్లోంచి ఉప్పు రాలుతోంది.